గోడ మీద గీతలు

ఇంటి రిపేరు సాయం కోసం షాకేరా పెట్టుకున్న దరఖాస్తు పట్టుకొని ఇంజినీరు భద్రాచలంలో ఆమె ఇంటికి వచ్చిండు.

గోడలు తట్టి చూసిండు. "గట్టిగనే ఉంది కదమ్మా. గచ్చు ఎత్తు లేపుడు ఎందుకు? సున్నం కొడితే చాలు," అని ఫారంలో అదే రాసిండు.

"కొట్టుర్రి సార్. ఆ ఒక్క గోడకు మాత్రం వద్దు," అంది షాకేరా.

ఆ గోడ మీద బొగ్గు గీతలు, పక్కన సంవత్సరాలు ఉన్నయ్. ఇంజినీరు నవ్విండు. ఆయన కూడా ఇంట్లో కొడుకు ఎత్తు గిట్లనే గీసి పెట్టుకుంటడు.

"2020లో నడుం దాకా. 2022లో నా భుజం దాకా! ఏం పెట్టి పెంచినవమ్మా?"

"మేం పెట్టుడేంది సార్? దొరికిందల్లా అదే తింటది."

కింది గీత దగ్గర ఆయన ఆగిండు. "2023లో మోకాలి దాకనేనా? పెరిగిన పిల్ల మళ్ల పొట్టిగైతదా?"

షాకేరా కిటికీలకెల్లి ఏటి దిక్కు చూపెట్టింది.

"పిల్ల కాదు సార్. గోదారి."

ఇంజినీరు మళ్ల ఫారం తీసిండు. సున్నం అన్న మాట కొట్టేసిండు.