బంగార్రాజు ఆయుష్షు

"ఈసారి నువ్వే చెప్పాలి సంధ్యా," అంది ఝాన్సీ మేడమ్, శిక్షణ గది తలుపు ముందు ఆగి.

సంధ్యారాణి తల అడ్డంగా ఊపింది. "ఇంకెవరినైనా పంపండి మేడమ్. నా వల్ల కాదు."

"ఆవిడకి నువ్వంటే ఇష్టం. అందుకే నిన్ను పంపుతున్నాను. సీరియస్‌గా ఉంది, డాక్టర్లు చూస్తున్నారు అని నాన్చకు. చనిపోయాడన్న మాట నీ నోట్లోంచి రావాలి. ఆవిడ నమ్మాలి. నమ్మేదాకా వదిలి రాకు."

నర్సింగు చివరి సంవత్సరంలో ఉన్న సంధ్యారాణికి అన్నీ వచ్చు, ఈ ఒక్కటి తప్ప. చోడవరంలో ఆ ఆసుపత్రి పై అంతస్తులో ఇంజక్షన్లతో పాటు చావు కబురు చెప్పడం కూడా నేర్పుతారు. పక్క గదిలో మంచం మీద రోగిగా ఒక రబ్బరు బొమ్మ ఉంటుంది. దాని ఛాతీ లేచి పడుతుంది. మణికట్టు పట్టుకుంటే నాడి కొట్టుకుంటుంది. స్కానింగ్ పెడితే తెర మీద గుండె కదులుతూ కనిపిస్తుంది. మేడమ్ కంప్యూటర్‌లో ఒక్కటి నొక్కితే అన్నీ ఆగిపోతాయి. అప్పుడు విద్యార్థి ఈ గదిలోకి వచ్చి, రోగి భార్యగా కూర్చున్న మనిషికి ఆ మాట చెప్పాలి. భార్య మొదట నమ్మదు. ఓపిగ్గా నమ్మించాలి. అదీ పాఠం.

ఆ భార్య వేషం రావికమతం నుంచి వచ్చే అచ్చియ్యమ్మది.

మొదట్లో బొమ్మకు అప్పారావని పేరు పెట్టారు. అచ్చియ్యమ్మే మార్పించింది. "బతికున్నోడు సచ్చిపోయేడని కబురొస్తే ఆయుస్సు పెరుగుద్దమ్మా. ఆ పున్నెం ఎవుడో అప్పారావుకెందుకు? మా ఆయన పేరెట్టీయండి," అంది. అప్పటి నుంచీ క్లాసు జరిగినప్పుడల్లా బంగార్రాజు చనిపోతూనే ఉన్నాడు. అచ్చియ్యమ్మ గుండెలు బాదుకుని ఏడ్చి, మొహం కడుక్కుని, సంబరంగా ఇంటికి వెళ్తూనే ఉంది.

సంధ్యారాణి మాత్రం ప్రతిసారీ "కొంచెం సీరియస్‌గా ఉందమ్మా" దగ్గరే ఆగిపోయేది. గదిలో కెమెరా అంతా రికార్డు చేస్తుండగా, గోడకున్న గాజు అద్దం అవతల నుంచి తోటి పిల్లలు చూసి నవ్వేవాళ్ళు.

ఆమె తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. అచ్చియ్యమ్మ ఎప్పుడూ కూర్చునే కుర్చీలోనే కూర్చుని ఉంది.

"రా గుంటా. ఎంతసేపని సూస్తన్నాను. ఈవేళ నీకు పరీచ్చా ఏటి? మొకం అలగెట్టేవు."

సంధ్యారాణి కుర్చీ దగ్గరికి లాక్కుంది. "మంచినీళ్ళు తాగేరా అమ్మా?"

"అదేటే, కొత్తగా మర్యాదలు చేస్తన్నావు. తాగేన్లే. ఇదిగో, ఆ కెమెరాకి ఎర్ర లైటు ఎలగలేదు. మీ మేడమ్మకి సెప్పు. నా ఏడుపంతా దండగైపోద్ది."

"పర్లేదమ్మా."

అద్దం అవతల ఈవేళ నవ్వేవాళ్ళు లేరు. ఝాన్సీ మేడమ్ ఒక్కతే నిలబడి ఉంది.

"మిమ్మల్ని ఇక్కడ ఎవరు దింపేరమ్మా?"

"ఇంకెవలు, మా ఆయనే. గేటు కాడ దింపేసి ఎరువుల కొట్టుకెల్లేడు. కానీ, మొదలెట్టు. సుట్టూ తిప్పేవంటే ఆవిడ మళ్ళీ తిడతాది నిన్ను."

సంధ్యారాణి ఆమె చెయ్యి పట్టుకుంది. ముందు చెయ్యి పట్టుకోమనే నేర్పారు. అరచెయ్యి వెచ్చగా, గరుగ్గా ఉంది.

"అమ్మా, మీకో చెడ్డ మాట చెప్పాలి. బంగార్రాజు గారి బండిని చెరకు లారీ గుద్దేసింది. ఇక్కడికే తీసుకొచ్చేరు. డాక్టర్లు చెయ్యగలిగిందంతా చేసేరు. ఆయన చనిపోయేరమ్మా."

ఈసారి మాట మాత్రం ఆగలేదు.

అచ్చియ్యమ్మ కనుబొమలు ఎగరేసింది. "ఎప్పుడూ గుండెపోటు కదే. కథ మార్చేసేరా?" అని గొణిగి, వెంటనే గొంతు సవరించుకుంది. "నేను నమ్మను. ఇప్పుడే కదా నన్ను దింపి ఎల్లేడు. నేను నమ్మను."

"నమ్మాలమ్మా. నేను దగ్గరుండి చూసేను."

"ఓలమ్మో, నన్నొదిలేసి ఎలగెల్లిపోయేవు నాయనో."

ఎప్పుడూ ఏడ్చే ఏడుపే. ముందు గుండెల మీద చేతులు, తర్వాత కుర్చీ చేతికి తల, ఆ తర్వాత గాజుల చప్పుడు. ఖాళీ గదిలో ఆ గొంతు గోడలకు తగిలి వెనక్కి వస్తోంది. అంతలోనే కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. అచ్చియ్యమ్మ కొంగుతో మొహం తుడుచుకుని నవ్వింది.

"ఈ మాటు బాగా సెప్పేవే. నీ కళ్ళంట నీళ్ళు కూడా వచ్చేయి. పాసైపోతావు పో."

"అమ్మా, నిజంగా చెప్తన్నాను."

"అదీ, అలగే అనాల. మెత్తగా అంటే ఎవులు నమ్ముతారు?" ఆమె లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "ఎన్నిసార్లు సంపేసేరో మా ఆయన్ని. ఈపాటికి నూరేళ్ళూ దాటిపోయుంటాది లెక్క. నేను పోయినా ఆయన పోడు. ఇంకోదాన్ని తెచ్చుకుంటాడేమో, ముసలాడు."

సంధ్యారాణి ఏదో అనబోయింది. అద్దం వైపు చూసింది. ఝాన్సీ మేడమ్ మొహం పక్కకు తిప్పుకుంది.

"పద, బొమ్మ కాడికి ఎల్దాం. దాని కాళ్ళ మీద పడి ఏడిసే ముక్క ఉంది కదా. అదీ అవగొట్టేస్తే ఎల్లిపోతాను. ఆయనొచ్చి గేటు కాడ కాసుకునుంటాడు."

ఇద్దరూ వరండాలోకి వచ్చారు. సంధ్యారాణి పట్టుకున్న చెయ్యి వదల్లేదు. అచ్చియ్యమ్మ అలవాటుగా కుడివైపు తిరిగింది. సంధ్యారాణి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి, మెల్లగా కింది అంతస్తు మెట్ల వైపు నడిపించింది.

"బొమ్మ గది అటు కదే?"

"ఇటు రండమ్మా."

ఆ రోజు క్లాసు రద్దయింది.