స్టూలు కాలి కింది కాగితం

"మందు అదే, కంపెనీ అదే, డోసూ అదే. ఇంకేం కావాలండీ?" అంది మందుల షాపావిడ.

పెద్దాయన మాత్రల పెట్టెలోని మడత కాగితాన్ని కౌంటరు మీద పరిచి, కళ్లజోడు సర్దుకుని, పైనుంచి కిందిదాకా చదివాడు. మళ్లీ మడిచి పెట్టెను వెనక్కి తోశాడు.

"కాగితం మారింది. పాతది కావాలి."

ఆమెకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. అసలా కాగితాన్ని చదివేదెవరు? అందరూ అక్కడే పడేసి పోతారు. కౌంటరు కింద బుట్ట నిండా అవే. ఈయనొక్కడే రేపు పరీక్ష ఉన్నట్టు చదువుతాడు. తప్పులు పట్టడానికి ఏ ఆఫీసువాళ్లో పంపారేమోనని కొన్నాళ్లు భయపడింది కూడా.

"మీ దగ్గరున్న పాతదేమైంది?"

"జేబులో ఉండగానే చొక్కా ఉతికేశాను. ముద్దయిపోయింది. అప్పట్నుంచి మాత్ర వేసుకోలేదు."

"బీపీ మాత్ర అలా ఆపకూడదండీ. ఇంట్లో చెప్పేవాళ్లు లేరా?"

"మా ఆవిడ ఉండేది. ఊరందరికీ చెప్పేది, నాకూ చెప్పేది. నేనే ఏనాడూ చెవిన పెట్టలేదు. పోయినేడు తను పోయింది."

ఇక ఆమె ఊరుకోలేకపోయింది. బుట్ట బోర్లించింది. అన్నీ కొత్తవే. అలమారాలు గాలించింది. అప్పుడు గుర్తొచ్చింది, తన కుంటి స్టూలు కాలి కింద ఎప్పుడో ఏదో కాగితం మడిచి పెట్టిన సంగతి. వంగి లాగితే ఆ మందుదే, పాతదే.

ఆయన దుమ్ము దులిపి, వేలు పెట్టి వెతికి, ఒకచోట ఆగి పైకి చదివాడు. "ఒక పూట మరచిపోతే కంగారు పడకండి. గుర్తు రాగానే వేసుకోండి. రెండూ కలిపి మాత్రం మింగకండి, ఒంటికి మంచిది కాదు."

తర్వాత నీళ్లడిగి, మాత్ర అక్కడే వేసుకున్నాడు. ఆమె ప్రాణం కుదుటపడింది.

"రేపోసారి డాక్టరుకి చూపించుకోండి. అయినా ఆ ముక్క కొత్తదాంట్లోనూ ఉందిగా?"

"ఉంది. 'మోతాదు తప్పినచో' అని ఉంది."

"బాగుంది. కట్టుకున్నావిడ చెబితే వినలేదంటారు. ఈ కాగితం చెబితే మాత్రం ఇంత బుద్ధిగా వింటారేంటండీ?"

ఆయన కాగితాన్ని పాత మడతల మీదే మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఆ కంపెనీలో పనిచేసేటప్పుడు ఇది తెలుగులో రాసింది ఆవిడే."