నాలుగు వేళ్ళ ఎత్తు

ఆ సోమవారం కూడా రుపేనీ భోజనం మూట మాయమైంది.

మాయమైందంటే ఎక్కడికో పోలేదు. వాగు గట్టున బండమీద కూర్చుని ఉనైసి దర్జాగా తింటోంది.

"కర్రపెండలం సరిగ్గా ఉడకలేదు, తౌవూ! మీ కండవు దీవిలో పొయ్యిలు వెలిగించరా?"

"వచ్చే వారం బాగా ఉడకబెడతాలే."

"చేప కూడా తే. ఉత్త దుంపలు ఎవరు తింటారు?"

రుపేనీ నవ్వుతూ నీళ్ళలోకి దిగాడు.

తౌవు అంటే ఎగతాళి వరస. తాతల నాటి చుట్టరికం. ఉనైసిది నాసాలియా. ఆ కొండవాళ్ళు కండవు దీవివాళ్ళ నోటికాడ కూడు లాక్కోవచ్చు, నోటికొచ్చినట్టు తిట్టవచ్చు. అవతలివాడు కోప్పడకూడదు. కావాలంటే తనూ లాక్కోవచ్చు.

పన్నెండేళ్ళ కిందట, కొత్త మనిషి భుజాన కండవు అల్లిక బుట్ట చూసి ఉనైసే అడిగింది, "మా తౌవువేనా?" అని. అతను నవ్వాడు. ఆ నిమిషం నుంచి అతని భోజనం ఆమెదైంది.

రుపేనీ మాత్రం ఒక్కసారి కూడా ఎదురు లాక్కోలేదు. మరీ మెతక మనిషని ఉనైసికి జాలి.

అతను నీళ్ళ కంపెనీ మనిషి. కంపెనీ కింద లోయలో నీళ్ళు తోడి, సీసాల్లో నింపి పరదేశాలకు పంపుతుంది. వాగులో నాటిన కొలతకొయ్య మీద ఎర్రగీత కిందికి నీరు దిగితే పంపు ఆపేస్తామని ఊరికి మాట ఇచ్చింది. వారం వారం ఆ కొయ్య చూసి అంకె రాసుకోవడమే రుపేనీ పని. అందుకే ఊళ్ళో ఎవరూ అతనికి మర్యాదకు ఇచ్చే యంగోనా వేళ్ళ పానీయం ఒక చిప్పెడైనా తాగమని ఇవ్వరు. పలకరించేది ఉనైసి ఒక్కతే.

నిరుడు ఎండల్లో చేమమళ్ళు బీటలు వారాయి. ఎర్రగీత మాత్రం నీళ్ళలోనే ఉంది, పంపు ఆగలేదు. ఈ ఏడూ అంతే. ఉనైసి మడిలో ఆకులు అప్పుడే వాడుతున్నాయి. ఆ మడి పోతే ఇంట్లో ఆరుగురికి తిండి లేదు.

అందుకే ఆ పొద్దున ఆమె కొయ్యను నాలుగు వేళ్ళు పైకి లాగి, గీత నీటిపైకి తేలాక చుట్టూ రాళ్ళు బిగించింది. పట్టుబడితే ఎగతాళికి చేశానంటుంది. తౌవు ఏం చెయ్యగలడు?

రుపేనీ కొయ్య దగ్గర వంగాడు. రాళ్ళు తడిమాడు. గీత మీద వేలు పెట్టి చూశాడు.

ఉనైసి చేతిలో ముద్ద పక్కన పెట్టింది.

"ఏం తౌవూ, నీళ్ళు గీత దిగాయా?"

"దిగాయి."

"మరి పంపు?"

"రాస్తాను తౌవూ. ఈసారి ఉన్నదున్నట్టు రాస్తాను."

మర్నాడే పంపు ఆగింది. వారం తిరక్కుండా మడిగట్టు చెమర్చింది. ఉనైసి ఊరంతా తిరిగి గొప్పలు చెప్పుకుంది. "మా తౌవుని బుట్టలో వేశాను! పాపం, వాడికేం తెలుసు!"

తర్వాతి సోమవారం ఆమె కొబ్బరిపాలలో చేమాకు వండి, మొదటిసారి అతని కోసం పొట్లం కట్టి తెచ్చింది.

వచ్చింది రుపేనీ కాదు. ఎవరో గడ్డం మనిషి, చేతిలో కంపెనీ లెక్కల పుస్తకం. వస్తూనే ఆమె చేతిలో పొట్లం లాక్కున్నాడు.

"ఇది నాది తౌవూ! నా పేరు తోమాసీ, మాది కండవు. తినొచ్చా, తింటే చస్తానా?"

"నీ గడ్డం తగలెయ్య! అది రుపేనీకి. వాడేడీ?"

"పని మానేశాడు. శుక్రవారం పడవెక్కాడు."

ఉనైసి అతని చెయ్యి పట్టుకుంది.

"నా వల్లే! కొయ్య జరిపింది నేను. వాడు మోసపోయాడంతే. కావాలంటే నన్ను పోలీసులకు పట్టించు."

"మోసపోవడమా? నువ్వు కొయ్య నాలుగు వేళ్ళు లాగావని కంపెనీకి మొదటి వరుసలోనే రాశాడు."

"మరి పంపెందుకు ఆపారు?"

తోమాసీ ఎగతాళి మానేశాడు.

"రెండో వరుస చూసి. ఆ గీత మొదట ఇంకా పైన ఉండేదట. ఊరికి చూపించకముందే పాత మేనేజరు దించమన్నాడట, రుపేనీయే చెరిపి కిందికి గీశాడట. సరిగ్గా నాలుగు వేళ్ళు. 'ఆమె గీతను ఉండాల్సిన చోటే పెట్టింది, తప్పు నాది' అని పెద్దాఫీసుకు రాశాడు. వాళ్ళు పాత కాగితాలు తిరగేశారు. నిజమే. ఇక గీత ఇక్కడే ఉంటుంది. పైన కొండమీద నరికిన చోట చెట్లు కూడా నాటిస్తారు."

"మరి వాణ్ణెందుకు పంపేశారు?"

"ఎవరూ పంపలేదు. తప్పు గీసిన చెయ్యి ఇంక కొలవకూడదని తనే వెళ్ళిపోయాడు."

ఉనైసి కళ్ళు నిండాయి. పన్నెండేళ్ళలో వాడికి తను ఒక్క మంచి మాట చెప్పలేదే అనిపించింది.

"యంగోనా వేళ్ళ కట్ట పట్టుకెళ్ళి తప్పు ఒప్పుకుంటాను. కండవులో వాడి ఊరేది?"

"కండవా? రుపేనీది ఉత్తరాన మదువాతా. బుట్ట నేనిచ్చిందే. వాళ్ళకీ మీకూ ఏ వరసా లేదు."

"అబద్ధం! తౌవువేనా అంటే నవ్వాడు!"

"నిజం చెప్పొచ్చుగా అని నేనూ అడిగాను. 'చెబితే ఆమె కూడా మాట్లాడటం మానేస్తుంది' అన్నాడు."

ఉనైసి బండమీద కూర్చుంది.

పన్నెండేళ్ళుగా తను ఎన్ని తిట్టినా, నోటికాడ కూడు లాక్కున్నా, వరస కాబట్టి ఓర్చుకుంటున్నాడనుకున్న మనిషి, కోప్పడే హక్కంతా ఉండీ నవ్వి ఊరుకున్న పరాయివాడు.