అద్దంలో పిట్ట

"తల కదపకు!" అన్నాడు సెలూన్‌లో భాగస్వామి.

ఇన్నేళ్లూ గిరాకీలకు సెలూన్ ఓనరు చెప్పిన మాటే అది. ఇవాళ ఆ ఓనరే తన షాపులో, తన కుర్చీలోనే ఇరుక్కుపోయాడు. రేపు మెదడుకి ఆపరేషన్. తలని కదలకుండా బిగించి, మెలకువగానే ఉంచి మాట్లాడిస్తారట. అందుకే స్నేహితులిద్దరూ, భాగస్వామీ పక్క షాపు ఎలక్ట్రీషియనూ, ఇప్పట్నుంచే అలవాటు చేయిస్తున్నారు. ఎలక్ట్రీషియన్ రెండు అరచేతులతో తల పట్టుకున్నాడు. భాగస్వామి గుండు గీస్తున్నాడు.

"మాట్లాడు మరి. రేపు డాక్టర్ల ముందు కూడా మూగనోము పడతావా?"

"వదలండ్రా! ఊపిరాడటం లేదు."

"పట్టుకుంది తలనే, పీక కాదు," అని నవ్వాడు ఎలక్ట్రీషియన్.

"మీకేం, ఎన్నైనా చెప్తారు. మీ తల కాదుగా!"

నవ్వు ఆగిపోయింది. కత్తి కూడా ఆగింది.

తల తిప్పే వీల్లేక అతను అద్దంలోకి చూశాడు. చెవి పైన ఆగిన కత్తి వణుకుతోంది. పొద్దుట్నుంచీ జోకులేస్తున్న భాగస్వామి కళ్లు ఎర్రగా ఉన్నాయి. చెంపల మీద ఎలక్ట్రీషియన్ అరచేతులు చెమటతో తడిగా తగిలాయి.

ఈ కుర్చీ ఎక్కగానే ఏడుపు లంకించుకునే పిల్లలకి చెప్పే మాటే ఓనరు నోటికొచ్చింది.

"ఒరేయ్, అద్దంలోకి చూడు. లోపల పిట్టుంది. కదిలావంటే ఎగిరిపోతుంది."

భాగస్వామి మోచేత్తో కళ్లు తుడుచుకుని అద్దంలోకి చూశాడు. మెల్లగా అతని చేయి కుదుటపడింది.

"కనిపించిందా?"

"ఆఁ, ఉందిరా. నువ్వూ కదలకు."