రెండో మంచం

గదిలోకి అడుగుపెట్టగానే ప్రకాశం పరుపు ఎత్తి చూశాడు.

కుట్ల వెంట నల్లటి మరకలు. మంచం చెక్క సందులో ఒక నల్లి మెల్లగా జరిగి లోపలికి దూరింది.

"ఏందప్పా ఇది? నల్లులు లేవని చెప్పి తాళం ఇస్తివి గదా!"

లాడ్జి మేనేజరు నూర్ అహ్మద్ తల గోక్కున్నాడు.

"మందు కొట్టిస్తానే ఉండాం సార్. ఎవురెవురో వస్తారు, ఎవురు తెస్తారో మాకేం తెలుసు?"

"ఇంకో రూము ఇయ్యి."

"యాడిది సార్! పార్టీ మీటింగని జనం జీపుల్లో దిగినారు. ప్రొద్దుటూరంతా ఇంతే. ఈ రెండు మంచాల రూమొకటే మిగిల్తే మీకిచ్చినా."

ప్రకాశం చేతిసంచి కింద పెట్టకుండా అట్లాగే నిలబడ్డాడు.

అతను బ్రహ్మంగారిమఠం అవతల ఒక ఊళ్లో బడిపంతులు. పొద్దున బయల్దేరితే కోర్టు వేళకు అందుకోలేడు. వాయిదా ఉన్న ప్రతిసారీ ముందురోజే వచ్చి లాడ్జిలో దిగడం అలవాటైంది.

కిందటి వాయిదాకు వచ్చినప్పుడు సంచిలో నల్లులు ఇంటికి చేరాయి. అవి అమ్మ పక్కలోకి ఎక్కాయి. చిన్నకొడుకు తిమోతి పోయినప్పటినుంచి ఆనందమ్మ మంచం దిగలేదు. ఒళ్లంతా దద్దుర్లు తేలినా, కుడుతున్నాయని కూడా ఆమె చెప్పలేదు.

"కోర్టుకు పోయి నువ్వు తెచ్చింది ఇవేనా?" అంది భార్య రాహేలు, బొంతలు ఉడకబెడుతూ.

తిమోతి ప్రకాశానికి ఒక్కగానొక్క తమ్ముడు. ఎన్నికల్లో వేముల పక్క ఒక పల్లెలో పోలింగు ఏజెంటుగా కూర్చున్నాడు. తిరిగి వస్తుంటే దారిలో నరికారు. పట్టపగలు. చేలల్లో మనుషులున్నారు. చూశామని చెప్పినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

రేపే ఆఖరి వాయిదా.

ఎవరో తలుపు తట్టారు.

మళ్లీ నూర్ అహ్మదే. అతని వెనక ఒక పెద్దాయన. భుజాన పాత గొంగడి, కాళ్ల నిండా దుమ్ము.

"సార్, ఈయప్పకు చోటు కావాలంట. రెండో మంచం ఖాళీనే గదా?"

"మంచం గూడా వద్దు సారూ" అన్నాడు పెద్దాయన. "కింద పండుకుంటా. తలుపుకు గడియ ఉంటే సాలు."

ప్రకాశం చూపు గొంగడి మీదే ఉంది.

"ఏం పని మీద వచ్చినావప్పా?"

పెద్దాయన నోరు తెరిచి, వెనక్కి చూశాడు. మెట్ల దగ్గర తెల్ల చొక్కాలవాళ్లు ఇద్దరు సిగరెట్లు కాలుస్తున్నారు.

"ఊరికే... చిన్న పనుంటే వచ్చినా సారూ."

"ఏమనుకోవద్దప్పా. ఇంటికాడ మాయమ్మ మంచాన పడి ఉంది. పోయినసారి ఈడినుంచే నల్లులు తీసుకపోయినా. శానా అవస్థ పడింది."

"నా గొంగట్లో ఏమీ లేవు సారూ."

పెద్దాయన వరండాలోకి పోయి గొంగడి విప్పి గట్టిగా దులిపాడు. రెండు గడ్డిపరకలు రాలాయి. ఆశగా తలెత్తి చూశాడు.

"వాటి గుడ్లు కంటికి కనపడవప్పా" అన్నాడు ప్రకాశం.

తన మాట తనకే బాగా అనిపించలేదు. కానీ అమ్మ చేతుల మీది దద్దుర్లు కళ్ల ముందు నుంచి పోలేదు.

పెద్దాయన గొంగడి మడిచి భుజాన వేసుకున్నాడు.

"పర్వాలేదులే సారూ. ఇంట్లో ముసలామె ఉన్నప్పుడు సూసుకోవాల గదా. అమ్మను బాగా సూసుకో."

ఆయన మెట్లు దిగుతుంటే ఆ ఇద్దరూ పక్కకు జరిగి దారి ఇచ్చారు.

ప్రకాశం గడియ పెట్టి, సంచిని గోడకు తగలకుండా కిటికీ కొక్కేనికి వేలాడదీశాడు. మంచం ఎక్కలేదు. కుర్చీలోనే కూర్చున్నాడు. ఆ కుర్చీలోనూ నల్లులున్నాయి. రెండో మంచం తెల్లవార్లూ అట్లాగే ఖాళీగా ఉంది.

పొద్దున కోర్టు వరండాలో చేతులు గీరుకుంటూ నిలబడ్డాడు. ముద్దాయిల తరఫువాళ్లు జీపులకు ఆనుకుని నవ్వుకుంటున్నారు. ప్రభుత్వ వకీలు మాటిమాటికీ గేటు దాకా పోయి వస్తున్నాడు.

కేసు పిలిచారు. వకీలు ఇంకొక్క వాయిదా అడిగాడు. జడ్జిగారు ఇప్పటికే చాలా ఇచ్చామన్నారు.

సాక్ష్యం లేదని కేసు కొట్టేశారు.

బయట టపాకాయలు పేలాయి. ప్రకాశం చెవులు మూసుకోలేదు. అమ్మకు ఏమని చెప్పాలో తెలియక మెట్ల మీదే కూర్చుండిపోయాడు. వకీలు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"తెలిసిందే గదా సార్" అన్నాడు ప్రకాశం. "మనకు సాక్షి ఎవురుండారు?"

"ఉన్నాడు ప్రకాశం. వేముల నుంచి నిన్ననే వచ్చినాడు. బయటికి పొక్కుతుందేమోనని నీకు కూడా చెప్పలేదు."

"మరి యాడ సార్?"

"రాత్రికి నువ్వు దిగే లాడ్జికే పంపించినా. ఆడ చోటు దొరకలేదంట. బస్టాండులో పండుకున్నాడు. తెల్లారకముందే ఎవరో నలుగురు జీపులో ఎక్కించుకుని పోయినారని టీ కొట్టాయన చెప్తాండాడు. పోలీసులు వెతుకుతాండారు. ఆశ లేదు."

గీరుకుంటున్న ప్రకాశం చెయ్యి ఆగిపోయింది.

"ఎవురు సార్... ఆ పెద్దాయన ఎవురు?"

వకీలు మెట్టు మీద అతని పక్కన కూర్చున్నాడు.

"గొర్లు కాసుకునే ఆదెన్న. ఆ పొద్దు అందరూ పారిపోతే మందను వదిలేసి ఉరికొచ్చి, ప్రాణం పోయేదాకా నీ తమ్ముని తల ఒళ్లో పెట్టుకుని నీళ్లు తాపింది ఆయప్పే."