కర్ర చప్పుడు

లాయరమ్మ ఆఫీసు మూలన పేలిపోయిన లారీ టైరు గోడకి ఆనుకుని ఉంది. పక్కనే, పట్టుకుని పట్టుకుని నున్నబడిన కర్ర ఒకటి. ఆ టైరు పేలి చనిపోయిన డ్రైవరు భార్య సాయంత్రం రెండింటినీ తెచ్చి అప్పగించింది.

"టైర్లు చూసుకోకుండా బండి తీశాడంటున్నారటమ్మా టైరు కంపెనీవాళ్లు. ఈ కర్రతో అన్నిటినీ కొట్టి చూడందే మా ఆయన ఏనాడూ స్టీరింగు పట్టలేదు. చప్పుడుతోనే టైరు సంగతి చెప్పేసేవాడు. ఆ రోజూ కొట్టాడు. కొత్త టైరు కదా, బాగానే పలికిందన్నాడు."

"దానికి సాక్షి ఎవరున్నారమ్మా?"

"విన్నది ఆయనొక్కడేనమ్మా."

రేపటి వాదన రాసుకుని లాయరమ్మ తలెత్తేసరికి వీధి మాటుమణిగింది. లైటు ఆర్పబోతూ మూలకి చూసింది. టైరు ఉంది. కర్ర లేదు. తలుపు గడియ వేసినట్టే ఉంది.

అప్పుడు కింద, ఆమె కారు దగ్గర, ధన్ మని వినపడింది. పని తెలిసిన చేతి దెబ్బ. కిటికీలోంచి చూస్తే నరమానవుడు లేడు. చప్పుడు మాత్రం నింపాదిగా చక్రం నుంచి చక్రానికి నడుస్తోంది. ధన్. ధన్.

నాలుగోది బోలుగా పలికింది. మొన్ననే వేయించిన కొత్త టైరది, ఆ కంపెనీదే. దెబ్బ మళ్లీ అక్కడే పడింది. చెవి ఆనించి వింటున్నట్టు, మళ్లీ.

లాయరమ్మ తెలియకుండానే చేతులు జోడించింది.

"ఇప్పుడు లోపం వినపడుతోందా అన్నా?" అంది మెల్లగా.

కింద చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి మెట్ల మీద మొదలైంది.

ఆమె తన బల్లకి ఎదురుగా సాక్షి కోసం కుర్చీ సర్ది, వెళ్లి గడియ తీసింది.