కొన్న లెవెల్

డెబ్బయ్యో లెవెల్ ఆటగాడొకడు తన జట్టులో చేరాడని ఝాన్సీలక్ష్మి సంబరపడింది. ఫోన్‌లో ఆట మొదలై పది నిమిషాలు గడిచేసరికి ఆ సంబరం కాస్తా చిరాకుగా మారింది. అతను గోడకేసి నడుస్తూనే ఉన్నాడు. తుపాకీ ఎలా పేల్చాలో కూడా అతనికి తెలియదు.

"ఈ అకౌంటు కొన్నావేటి?" అని మైకులో అడిగింది.

అతని బొమ్మ మళ్లీ వెళ్లి గోడకే గుద్దుకుంది.

"ఎవులో ఏడాదంతా ఆడి ఎక్కిన మెట్లు నువ్వు డబ్బులిచ్చి ఎక్కీసినావా? సిగ్గుండాల! ఆట రానోడికి డెబ్బయ్యో లెవెలు దేనికి?"

జట్టులో మిగిలిన ఇద్దరూ పగలబడి నవ్వారు.

"యాభయ్యో లెవెలు దాటనోళ్లని నీ జట్టులో సేర్సుకోవని మీ సెల్లి సెప్పిందమ్మా," అంది అవతలినుంచి ఒక పెద్దాయన గొంతు. "నీ మాట వినాలనిపించి కొన్నాను."

ఝాన్సీ వేళ్లు ఆగిపోయాయి. ఆ గొంతు బొబ్బిలిలో బట్టల కొట్టు నడిపే నాన్నది. మూడేళ్ల కిందట, ఆమె నచ్చినవాణ్ని పెళ్లాడిన రోజున "నాకు పెద్దకూతురు లేదు" అని నలుగురిలో చెప్పిన గొంతది.

"గజపతినగరంలో మా ఇల్లు ఎంత దూరం నాన్నా? బస్సెక్కితే వచ్చీవోడివి కదా."

"ఏ మొకం పెట్టుకుని రానమ్మా?"

"ఆ మొకమే పెట్టుకుని రా. వచ్చి తలుపు కొట్టు. తీస్తానో లేదో అప్పుడు సూస్తాను."

అని, ఆయన్ని జట్టులోంచి తీసేసింది.